మేకుల గుడారంలో తప్పిపోయిన క్యారవాన్

మున్సిపాలిటీ నుంచి వచ్చిన ఆవిడ "ఇంతకీ మీ క్యారవాన్ ఏది?" అని అడిగినప్పుడు మా ఆయన మొహం చూసి తీరాల్సింది. నెత్తిమీద కళ్లజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషిలా ఆ గోడా ఈ గోడా తడుముకున్నాడు. ఆరు మీటర్ల పొడవున్న బండి అది. అంత బండి ఇంట్లో కనబడకుండా పోవడం ఈ సరస్సు ఒడ్డున ఇంకెవరికీ జరగలేదు. మాకు జరిగింది.

మొదటినుంచీ చెప్పకపోతే తప్పంతా మా ఆయన ఔడున్‌దే అనుకుంటారు. తప్పు అతనిదే. కానీ మొదలుపెట్టింది నేను.

కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు, క్యారవాన్, కొని తీరాలని పందొమ్మిదేళ్ల కిందట పట్టుబట్టాను. నూర్‌కాప్ చూడాలని నా కోరిక. ఉత్తరాన రోడ్డు ఆఖరైపోయే చోటు అది. ఆ కొండ అంచున నిలబడితే ఇక ధ్రువం దాకా నీళ్లే. మా అమ్మ కాఫీపొడి డబ్బా మీద ఆ కొండ బొమ్మ ఉండేది, పక్కన అర్ధరాత్రి సూర్యుడు. మూత తీసిన ప్రతిసారీ "ఒక్కసారి అక్కడికి వెళ్లి రావాలే ఆస్లౌగ్" అనేది నాతో. వెళ్లకుండానే కన్నుమూసింది. ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. మా ఊరి నుంచి నూర్‌కాప్‌కు దగ్గర దగ్గర పద్దెనిమిది వందల కిలోమీటర్లు. క్యారవాన్ కొన్నాక పందొమ్మిదేళ్లలో అందులో ఒక్క కిలోమీటరు కూడా వెళ్లలేదు.

అమ్మినాయన తన కారుకు తగిలించుకొచ్చి, మ్యోసా సరస్సు ఒడ్డున, జనం సెలవులకు గుడారాలు వేసుకునే క్యాంపింగ్ స్థలంలో దాన్ని దింపి వెళ్లాడు. "ఒక్క వారం ఇక్కడే ఉంచుదాం. చిన్నచిన్న పనులున్నాయి, అవి కాగానే బయలుదేరదాం" అన్నాడు ఔడున్. అతను బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టారు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. నాది బేకరీలో పని. వారమే కదా అని సరేనన్నాను.

మొదటి చిన్న పని కాఫీ కప్పులకు అర. అర బరువుకు క్యారవాన్ గోడ వంగింది, అందుకని గోడకు ఒక దూలం. దూలానికి ఆసరాగా బయట ఒక స్తంభం. స్తంభం వానకు తడుస్తుందని దాని మీద చిన్న కప్పు. కప్పు వేశాక కింద బురద ఉంటే బాగుండదని చెక్కల నేల. నేలా ఉంది, కప్పూ ఉంది, ఇక గోడలు కట్టకపోతే జనం ఏమనుకుంటారు? అలా మొదటి వేసవి ముగిసేసరికి మా క్యారవాన్‌ను ఆనుకుని మేకుల గుడారం లేచింది.

మేకుల గుడారం మా వైపు అందరికీ ఉన్న జబ్బే. పేరుకే గుడారం, కట్టేది పలకలతో, మేకులతో. దానికి తలుపుంటుంది, కిటికీ ఉంటుంది, కిటికీకి కుచ్చుల తెర ఉంటుంది. క్యారవాన్‌ను ఆనుకుని ఉన్నంతకాలం అది గుడారం కిందే లెక్క. క్యారవాన్ లేకపోతే అదే అనుమతి లేని ఇల్లు. ఇంత గట్టి ఇంటిని గుడారమని పిలుస్తూ ఎవరూ నవ్వుకోరు, మేము అలాంటి జనం.

పక్క స్థలం స్టైనార్‌ది. లారీలకు రంగులు వేసే మనిషి, మంచివాడే, కానీ అతనికీ మా ఆయనకూ పోటీ. స్టైనార్ తలుపుకు ఇత్తడి గొళ్లెం పెడితే ఔడున్ కరెంటు గంట పెట్టాడు. స్టైనార్ వసారాలో దీపం పెడితే ఔడున్ ఎనిమిది బల్బుల దీపాల గుత్తి వేలాడదీశాడు. దాని కిందనుంచి నడిచినప్పుడల్లా నా జుట్టు చిక్కుకునేది. స్టైనార్ కొత్త ఫ్రిజ్ తెచ్చిన ఏడు, ఔడున్ క్యారవాన్ కింద బంగాళాదుంపల కోసం నేలమాళిగ తవ్వాడు.

"చక్రాల మధ్య గొయ్యేమిటయ్యా?" అని అడిగాను.

"ఈ చల్లదనానికి దుంపలు మొలకెత్తవు, చూస్తూ ఉండు."

మాకు దుంపల పంట లేదు. కొట్లో కొని తెచ్చి, ఆ గోతిలో దింపి, మర్నాడు వంటకు మళ్లీ పైకి తెచ్చుకునేవాళ్లం.

నూర్‌కాప్ మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక పని మిగిలి ఉండేది.

"ఈ వేసవి వెళ్దామా?"

"ఎందుకు వెళ్లం? నేల కింద చలి తగలకుండా దూది పట్టిస్తే అయిపోయినట్టే."

"మనం వెళ్లేది జూలైలో కదా!"

"జూలైలో అక్కడ వెచ్చగా ఉంటుందని నీకెవరు చెప్పారు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు.

ఆరో ఏట మాత్రం నేను వదల్లేదు. దాల్చినచెక్క బన్నులు యాభై చేశాను. సంచులు సర్ది, కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకున్నాను. గుడారం ముందుగోడ విప్పి, క్యారవాన్‌ను కారుకు తగిలించడమే తరువాయి. ఔడున్ రసమట్టం తెచ్చి క్యారవాన్ ముక్కు మీద ఆనించి ఒంటికన్ను మూసి చూశాడు.

"బుడగ మధ్యలో లేదు ఆస్లౌగ్."

"రోడ్డెక్కాక ఏ బుడగ మధ్యలో ఉంటుంది?"

"ఒరిగిన బండితో పద్దెనిమిది వందల కిలోమీటర్లా? మనకేమైనా అయితే?"

ఆ సాయంత్రం దాకా రాళ్లు పెట్టాడు, తీశాడు, పెట్టాడు. బన్నులన్నీ స్టైనార్ వాళ్లు తిన్నారు. చాలా బాగున్నాయన్నారు, నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు విచిత్రం ఆ తర్వాత మొదలైంది. గుడారం పెరిగినకొద్దీ క్యారవాన్ తరిగిపోసాగింది. పైన చెక్క కప్పు ఉండగా క్యారవాన్‌కు వేరే కప్పు దండగని ఔడున్ దాన్ని కోసి తీసేశాడు. అది స్టైనార్ కట్టెల కొట్టానికి సరిగ్గా సరిపోయింది. కిటికీలు సరస్సు వైపు కాకుండా మా కూర్చునే గదిలోకే తెరుచుకుంటున్నాయని వాటిని పీకేశాడు. కిటికీలు పోయాక చీకటిగా ఉందని కుడిగోడ తీసేశాడు. కుడిగోడ లేకుండా ఎడమగోడ ఒక్కటీ ఎబ్బెట్టుగా ఉందని అదీ పోయింది. నేను పొయ్యి దగ్గర వాఫెల్స్ వేస్తున్నాను, వెనక్కి తిరిగేసరికి గోడ లేదు. క్యారవాన్ తలుపు మరుగుదొడ్డికి అమరింది. టైర్లు ఎండకు పగులుతాయని చక్రాలు ఊడదీసి నేలమాళిగలో దుంపల పక్కన పెట్టాడు. బండి అడుగు రాళ్ల దిమ్మల మీద మిగిలింది.

వెనకగోడ ఒక్కటీ బతికింది. దాని మీద నంబరు ప్లేటూ ఎర్రదీపాలూ ఉన్నాయి కాబట్టి ఔడున్‌కు చేతులు రాలేదు. లతలు చెక్కిన చట్రం దాని చుట్టూ బిగించి, పైన ఆ తలుపు గంట పెట్టె తగిలించాడు. వచ్చినవాళ్లు అదేదో కొత్తరకం కళాఖండమనుకుని దూరంగా నిలబడి తల పక్కకు వంచి చూసేవారు.

నేను అడిగింది చక్రాలు, ఇతను కట్టింది ఇల్లు. ఎన్నిసార్లు తిట్టాలని నోరు తెరిచానో! తెరిచిన ప్రతిసారీ చేతిలో వేడి కాఫీ పెట్టి "ఈ కిటికీలోంచి సరస్సు ఎలా కనబడుతోందో చూడు" అనేవాడు. సరస్సు బాగానే కనబడేది. తిట్టు మింగి కాఫీ తాగేదాన్ని.

కిందటేడు నాకు అరవై నిండాయి. పుట్టినరోజునాడు అమ్మ డబ్బా ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. అమ్మ పోయింది అరవై రెండో ఏట. ఆ వారం నుంచే, ప్రతి మంగళవారం సాయంత్రం అల్లికల క్లబ్బుకని చెప్పి ఇంట్లోంచి బయటపడడం మొదలుపెట్టాను. ఏడు నెలలు అల్లడానికి వెళ్లిన మనిషి ఒక్క మేజోడైనా ఇంటికి తేలేదేమని ఔడున్ అడగలేదు. అప్పుడతను గుడారంలో ఆవిరిస్నానానికి గది కట్టే ఆలోచనలో మునిగి ఉన్నాడు.

ఈ జూన్‌లో నోటీసు వచ్చింది. ఎక్కడో ఒక క్యాంపింగ్ స్థలంలో నిప్పంటుకుని వరసగా గుడారాలు కాలిపోయాయట. అందుకని కొత్త నియమం: ప్రతి క్యారవాన్‌నూ ఇరవై నిమిషాల్లో కారుకు తగిలించి బయటికి లాగి చూపించాలి. చూపించలేనివాళ్లు స్థలం ఖాళీ చెయ్యాలి.

శనివారం పొద్దున పదకొండింటికి తనిఖీకి యోరున్ అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పసుపు కోటు, మెడలో ఈల, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. జనం మడత కుర్చీలు తెచ్చుకుని మా గుడారం ముందు బారులు తీరి కూర్చున్నారు. స్టైనార్ సాసేజులు కాల్చడం మొదలుపెట్టాడు. అతని వంతు మా తర్వాత.

ఔడున్ ఆమెను బూట్ల గదిలోంచి, వాన కోట్ల గదిలోంచి, కూర్చునే గదిలోంచి, ఆవిరిగది పక్కనుంచి నడిపించాడు. దీపాల గుత్తికి ఆమె జడ చిక్కుకుంటే నేనే విడిపించాను.

"చాలా బాగా కట్టారు," అంది యోరున్. "ఇంతకీ మీ క్యారవాన్ ఏది?"

ఔడున్ గోడలు తడుముకున్నది అప్పుడే.

"ఇక్కడే ఉండాలి," అన్నాడు.

"ఉండాలంటే?"

"అంటే... మీరు నిలబడింది దాంట్లోనే."

యోరున్ తన బూట్ల కిందికి చూసుకుంది. "ఇది వంటిల్లు కదండీ?"

"ఈ పలక దాకా గుడారం. పొయ్యి దగ్గర్నుంచి మంచం దాకా క్యారవాన్. మంచం దిగితే మళ్లీ గుడారం."

"గోడలు?"

"గాలి ఆడదని తీశాను."

"కప్పు?"

"నా కట్టెల మీద భద్రంగా ఉంది!" అని బయటినుంచి స్టైనార్ కేకేశాడు.

"చక్రాలు?"

"దుంపల దగ్గర," అన్నాను నేను.

ఆవిడ రాయడం ఆపేసింది. ఆ కాగితంలో దుంపలకు గడి లేదు కాబోలు.

"చూడండి, నాకు ఈ పురాణమంతా వద్దు. నంబరు ప్లేటూ ఎర్రదీపాలూ ఉన్నదేదో అది చక్రాల మీద బయటికి రావాలి. ఇరవై నిమిషాలు," అని ఈల ఊదింది.

ఆ తర్వాత ఔడున్‌ను చూడాలి. ఆ మనిషి పనిలో దిగితే అడ్డేముంది? నేల తలుపెత్తి దుంపల్లోంచి చక్రాలు పైకి అందించాడు. నేనూ స్టైనార్ దొర్లించుకెళ్లాం. జాకీ పెట్టి లేపాడు, చక్రాలు బిగించాడు, దిమ్మలు లాగేశాడు, ఎర్రదీపాల తీగ కారు వైపుకు తెచ్చాడు. గుడారం ముందుగోడలో ఏ స్క్రూ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. గోడ మొత్తం ఊడదీసి పచ్చిక మీద పడుకోబెట్టాడు. పద్నాలుగో నిమిషానికి బండి సిద్ధం. ఇక కారు వెనక్కి తెచ్చి తగిలించి లాగడమే.

ఔడున్ కారు తాళంచెవి పట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఎక్కు మరి! ఏం చూస్తున్నావ్?"

"ఆస్లౌగ్," అన్నాడు. పెళ్లయినప్పటి నుంచీ అతని గొంతు అంత చిన్నగా వినలేదు. "దీన్ని లాగే లైసెన్సు నాకు లేదు."

"పోగొట్టావా?"

"అసలు రాలేదు. మూడుసార్లు పరీక్షకి వెళ్లాను. ముందుకి బాగానే పోతాను. వెనక్కి రమ్మంటారు చూడు, నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. మూడోసారి పరీక్ష పెట్టినాయన సైకిలు మీదికి ఎక్కించేశాను."

"ఎప్పుడిది?"

"కొన్న వేసవిలోనే."

సాసేజులు తిప్పుతున్న స్టైనార్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. కుర్చీల్లో ఉన్నవాళ్లు ముందుకు వంగారు.

"మరి ఈ పందొమ్మిదేళ్లూ..."

"పని పూర్తయితే బయలుదేరాలి కదా," అన్నాడు ఔడున్ తాళంచెవి వైపే చూస్తూ. "అందుకని పూర్తి కానివ్వలేదు."

చెంప పగలగొడదామనిపించింది. దగ్గరికి తీసుకుందామనీ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తే చేతులు ఎటూ కదలవు. కప్పుల అర, దుంపల గొయ్యి, దీపాల గుత్తి, ఆవిరిగది, అన్నీ ఒక్క భయం చుట్టూ కట్టుకుంటూ పోయిన గదులు. తప్పు కోస్తే మళ్లీ కొయ్యండర్రా, సిగ్గెందుకు అని వందల మంది పిల్లలకు చెప్పిన మాస్టారు, ఈ ఒక్క ముక్క నాతో చెప్పడానికి సిగ్గుపడి ఇంత ఇల్లు కట్టాడు. ఏడుపొచ్చింది. కానీ ఐదు నిమిషాలే మిగిలాయి.

లోపలికెళ్లి అమ్మ డబ్బా తెచ్చి మూత తీశాను. అందులో కాఫీ లేదు, కార్డు ఉంది. ఔడున్ చేతిలో పెట్టాను.

"ఏమిటిది?"

"అల్లికల క్లబ్బు."

అతను కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చదివాడు. నా ఫోటో, నా పేరు, వెనక క్యారవాన్ లాగే అనుమతి. మంగళవారాలన్నీ గడ్డకట్టిన ఒక మైదానంలో గడిపాను. నేర్పే అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. బండి ఎటు వెళ్లాలో దానికి వ్యతిరేకంగా తిప్పాలని ఆమె చెప్పినప్పుడు నాకు కష్టమనిపించలేదు. ముప్పై ఐదేళ్ల కాపురంలో నేను చేస్తున్నదే అది. మొదటిసారికే పాసయ్యాను.

తాళంచెవి లాక్కుని కారెక్కాను. ఒక్క ఊపులో వెనక్కి తెచ్చి కారు తోకను క్యారవాన్ ముక్కుకు ఆనించాను, ఔడున్ తగిలించి గొళ్లెం వేశాడు. మెల్లగా ముందుకు పోనిచ్చాను. నేలా, మంచం, పొయ్యి, చెక్కిన చట్రంలో వెనకగోడ, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండలోకి వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. అద్దంలో చూస్తే గుడారం కూలలేదు, ఒక్క పలక కూడా కదల్లేదు. మా ఆయన పని అది. మధ్యలో మాత్రం ఆరు మీటర్ల ఖాళీ, దాని కింద దుంపల గొయ్యి, పైన ఊగుతున్న దీపాల గుత్తి.

"పందొమ్మిది నిమిషాలు. పాసయ్యారు," అంది యోరున్, కిటికీ దగ్గరికొచ్చి. "ఇక వెనక్కి పెట్టేయండి."

"ఎందుకట?"

"క్యారవాన్ ఆనుకుని లేకపోతే అది గుడారం కాదు కదండీ, అనుమతి లేని ఇల్లవుతుంది. అది ఉండాలంటే ఇది దాంట్లో ఉండాలి. లేదంటే పడగొట్టెయ్యాలి. సాయంత్రం ఐదు దాకా నేనిక్కడే ఉంటాను."

ఔడున్ అవతలి కిటికీ పట్టుకున్నాడు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"వెనక్కి పెట్టగలవా?"

"పెట్టగలను."

"హమ్మయ్య! అయితే పెట్టెయ్. ఆ గోడ నేను గంటలో బిగించేస్తా. గొయ్యి చుట్టూ చిన్న కటకటాలు కట్టానంటే, ఆ ఒక్క పనీ అయితే ఇక..."

తన మాట తనకే వినబడింది.

నేను అద్దంలో ఆ ఖాళీని చూశాను. అటూ ఇటూ జానెడు చోటుంది. నాకు చాలు. అదే వంటిల్లు, అదే సరస్సు, సాయంత్రానికి వాఫెల్స్, స్టైనార్ హాస్యాలు. ఆ ఇల్లంటే నాకు ఇష్టం లేదంటే అబద్ధం. నా కోసం ఎవరూ అంత కట్టలేదు.

మొదటి గేరు వేశాను.

"నేను ఉత్తరానికి పోతున్నాను ఔడున్. ఎక్కితే ఎక్కు."

అతను ఇంటివైపు చూశాడు. నావైపు చూశాడు. "ఒక్క నిమిషం," అని లోపలికి పరుగెత్తాడు. పందొమ్మిదేళ్లుగా విన్న మాట అది. లోపలినుంచి డ్రిల్లు చప్పుడు వినబడింది. అయిపోయింది, ఇక రాడు అనుకుని కాలు క్లచ్ మీదనుంచి తీయబోయాను.

చంకలో కప్పుల అర పెట్టుకుని వచ్చాడు. మొదటి వేసవిలో చేసింది. కప్పులు రెండు వేళ్లకు తగిలించుకున్నాడు.

"ఇది ఈ బండిదే," అన్నాడు, ఎక్కి కూర్చుంటూ.

స్టైనార్ పరుగెత్తుకొచ్చి మంచం మీద నీలం టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టాడు. "మరి నా కట్టెల కొట్టం మీది కప్పు సంగతి?" అని అడిగాడు.

"ఉంచుకో. దీపాల గుత్తి కూడా తీసుకో," అన్నాడు ఔడున్. స్టైనార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గుత్తి మీద అతనికి ఎన్నాళ్లనుంచో కన్నుంది.

"మరి ఇల్లు?" అని వెనకనుంచి యోరున్ అరిచింది.

"పడగొట్టండి!" అన్నాడు ఔడున్. అని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, ఇంకో చెయ్యి అతని మెడ మీద వేశాను.

క్యాంపింగ్ గేటు దగ్గర బండ్లు నెమ్మదించడానికి వేసిన గట్టుంది. దాన్ని ఎక్కి దిగగానే ఆ కుదుపుకు వెనకగోడ మీద తలుపు గంట గట్టిగా మోగింది. ఔడున్ ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ సీట్లోంచి లేవబోయాడు.

"ఎవరో వచ్చారు," అన్నాడు.

"మనమే," అన్నాను.